ఈ శనాదివారాలకి నా పాటల మూట

వారమంతా మన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించే ఉంటాయి కానీ, పాట విన్నామా అంటే లేదు. పక్క సీటాయన క్లయింటుతో గట్టిగా మాట్లాడుతున్నాడనో, బిల్డు అయ్యేదాకా ఖాళీగా కూర్చోలేకో ఏదో ఒకటి పెట్టేసుకుంటాం. అది పాట కాదండీ, గోడ. మధ్యాహ్నం క్యాంటీన్లో "పొద్దున్నుంచి ఏం విన్నావురా?" అని ఎవరైనా అడిగితే నోరెళ్ళబెట్టడమే. అందుకే వినే పనిని నేను శనాదివారాలకి పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ మూసెయ్యాలి, అదొక్కటే షరతు. ఉల్లిపాయలు తరుగుతూ వింటే ఫర్లేదు, కోడ్ రాస్తూ వింటే మాత్రం లెక్కలోకి రాదు.

ఇంకో గొడవ యాప్‌లతో. నాలుగు ఇళయరాజా పాటలు వింటే ఐదోది కూడా అలాంటిదే ఇస్తాయి. వాటి తప్పేం లేదు, మనకి ఇంతకుముందు నచ్చినదాన్ని చూసి దాని తోబుట్టువుని తెచ్చివ్వడమే వాటి పని. అదెలా జరుగుతుందో మనలో చాలామందికి తెలుసు, కొందరికి జీతమొచ్చేదే అందుకు. కానీ కీర్తనలు వినేవాడి చేతిలో రాక్ పాట పెట్టి "ఒక్కసారి వినరా బాబూ" అనాలంటే మనిషే కావాలి. ఇంజనీరింగ్ హాస్టల్లో నాకు ఆ పని చేసినవాడు పక్క గదిలో ఉండేవాడు. ఇప్పుడు నా వంతు.

శుక్రవారం రాత్రికి పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'మనీ'. 1973లో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బంలోది. చిల్లర గలగలలతో, గల్లాపెట్టె చప్పుళ్ళతో మొదలవుతుంది. వేళ్ళ మీద లెక్కపెడుతూ వినండి. మామూలు రాక్ పాటల్లా నాలుగుకి తిరగదు, ఏడుకి తిరుగుతుంది. గిటారు సోలో దగ్గర నాలుగులోకి దిగి, మళ్ళీ ఏడుకి వచ్చేస్తుంది.

శనివారం పొద్దున కాఫీతో శ్యామశాస్త్రి గారి 'మరివేరే గతి'. ఆనందభైరవి రాగం, మిశ్రచాపు తాళం. మిశ్రచాపు అంటే మూడూ నాలుగూ కలిపి ఏడు. రాత్రి లెక్కపెట్టిన అదే ఏడు! వీళ్ళు ఆయన్ని విని చేశారని నేననట్లేదు, ఏడు అంకె ఎవరి సొత్తూ కాదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి వింటే, 'క్లాసికల్ పెద్దాళ్ళది, రాక్ కుర్రాళ్ళది' అనే మాట ఎంత తేలిపోతుందో చూడండి. పైగా 1762లో తిరువారూరులో పుట్టి తంజావూరులో బతికిన మనిషి రాసింది తెలుగులో. అక్కడి సభల్లో కూర్చున్న చాలామందికి లేని సౌకర్యం మనకుంది, మాట అర్థమవుతుంది. వాడుకోకపోతే ఎలా?

మధ్యాహ్నానికి మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు, 2014లో 45 ఏళ్ళకే పోయారు. ఇటలీ నుంచి వచ్చిన ఆ చిన్న వాయిద్యం మీద తీగ మీటగానే శబ్దం చచ్చిపోతుంది, మన గమకాలేమో సాగాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి దాన్ని సాధించారు. ముందు ఓ త్యాగరాజ కీర్తన వినండి, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించింది వినండి. చెయ్యి అదే.

ఆదివారం కిన్నెర మొగిలయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాలమూరు కథలు పాడినాయన. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విని ఉంటారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా ముక్క దగ్గర ఆగిపోకండి, కిన్నెర మీద ఆయన పాడిన పూర్తి కథ ఒకటి వెతికి వినండి. ఆ తర్వాత 2020లో వెళ్ళిపోయిన వంగపండు గారు. ఉత్తరాంధ్ర యాస అక్కర్లేదనుకునేవాళ్ళకి మందు :)

ఇహ ఏ యాప్‌లోనూ దొరకనిది ఒకటుంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నానమ్మ పాటలు ఫోన్లో రికార్డు చేశాను. ఆవిడకి 81 ఏళ్ళు. నాట్ల పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు, మొత్తం పదకొండు. మూడిటికి సగమే గుర్తుంది. "మిగతాది మా అక్కకి వచ్చురా" అంది. ఆ అక్క పోయి ఆరేళ్ళయింది. అంటే ఆ సగం ఇంకెక్కడా లేదు. సర్వర్ పోతే బ్యాకప్ ఏదని అరిచే ఉద్యోగాలు మనవి. దీనికి బ్యాకప్ ఎవరు తీస్తారు?

అందుకే ఆదివారం సాయంత్రం మాత్రం మీ ఇంటి పాటకి వదిలేయండి. ఫ్యాను ఆపండి, టీవీ కట్టేయండి. ఫోను జానెడు దూరంలో పెట్టండి. "నాకు గొంతు లేదు" అని వాళ్ళంటారు, వినిపించుకోకండి. పాటయ్యాక ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పనిలో పాడేవారో కూడా వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఊళ్ళో ఉంటే ఫోన్ చేసి పాడించండి, అమెరికాలో ఉన్నా అంతే. రెండు చోట్ల కాపీ పెట్టి, ఒకటి మీ తమ్ముడికో చెల్లికో పంపండి. ఇది వచ్చేవారం చేద్దాంలే అనుకునే పని కాదండీ.