సూత్రానికి వృత్తి

వ్యాకరణం చదువుకొన్నవారికి 'వృత్తి' అన్న మాట రెండు విధాలుగా వినిపిస్తుంది. లోకంలో వృత్తి అంటే బ్రతుకుతెరువు. శాస్త్రంలో వృత్తి అంటే సూత్రానికి వ్రాసిన వివరణ. పాణిని సూత్రాలకు జయాదిత్య వామనులు కూర్చిన కాశికావృత్తి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ రెండర్థాలూ ఒకేచోట కలిసే వ్యాపారం ఒకటి ఉన్నదని మా మేనల్లుడిని చూచి తెలుసుకొన్నాను. వచ్చిన పెద్దమనిషి "మాకొక వెబ్‌సైటు కావాలి బాబూ" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుంటాడు. అది సూత్రం. ఎవరి కోసం, ఏ భాషలో, ఎన్ని పుటలు, బొమ్మలు ఎవరు తీస్తారు, మాటలు ఎవరు వ్రాస్తారు, రేపు ధరలు మారితే ఎవరు దిద్దుతారు - ఇదంతా వృత్తి. దానిని విడమరచి వ్రాయగలిగినవానికే అక్కడ బ్రతుకుతెరువు.

మా చెల్లెలి రెండవ కుమారుడు ఇంజనీరింగు ముగించి, హైదరాబాదులో ఒక సంస్థ ఇవ్వజూపిన ఉద్యోగాన్ని కాదని, 2022లో తెనాలిలో చిన్న గది అద్దెకు తీసుకొని వెబ్ డిజైను దుకాణం తెరిచాడు. అప్పటికి వాడికి 23 ఏళ్ళు. పెట్టుబడి లక్షా ఇరవై వేలు. అందులో సగం మా బావగారి పదవీవిరమణ సొమ్ము. తక్కిన సగం మా చెల్లెలు చీటీ పాడి తెచ్చినది.

"అన్నయ్యా, నువ్వు చెబితే వింటాడు. చేతికొచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకుంటున్నాడు" అని ఆమె ఫోనులో కన్నీరు పెట్టుకొన్నది. వాడిని పిలిచి నేనొక్కటే అడిగాను. "గడువెంత నాయనా?"

"ఏడాదిన్నర మామయ్యా. అప్పటికి అమ్మ చేతికి నెలకు పదిహేను వేలు ఇవ్వలేకపోతే హైదరాబాదు బస్సెక్కుతాను."

గడువు పెట్టుకొన్నవాడితో వాదం అనవసరం. చెల్లెలికి ఆ మాటే చెప్పాను.

మన విద్యలలో ఇది పసిబిడ్డ. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించిన ఊహ 1991లో తొలి వెబ్‌సైటుగా రూపుదాల్చింది. మన దేశంలో సామాన్యునికి అంతర్జాలం అందినది 1995 ఆగస్టు 15న. 1996లో సి.ఎస్.ఎస్. అనే ప్రమాణం వెలువడి, పుటలోని విషయాన్నీ దాని వేషాన్నీ విడదీసింది. విషయం ముట్టుకోకుండానే రంగులు, అక్షరాల పరిమాణం, అమరిక మార్చుకొనే వీలు కలిగింది. 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చిన తరువాత ఈ విద్య రానివాడు కూడా ఒక పుటను నిలబెట్టగలిగాడు. నేడు కృత్రిమ మేధను అడిగితే కాఫీ చల్లారేలోగా నమూనా తయారవుతున్నది. ఇక డబ్బిచ్చి ఈ కుర్రవాడి చేత ఎవరైనా ఎందుకు చేయించుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వాడి పనిలోనే వెదకవలసి వచ్చింది.

మొదటి జవాబు మన అక్షరమే ఇచ్చింది. ఈ వృత్తిలో నమూనా పుటను ఖాళీగా చూపరు. 'లోరెమ్ ఇప్సుమ్' అంటూ సాగే లాటిన్ మాటలతో నింపుతారు. అవి సామాన్య శకానికి పూర్వం 45వ సంవత్సరంలో సిసిరో వ్రాసిన తత్త్వగ్రంథంలోని వాక్యాలు చెదిరి, విరిగి మిగిలిన ముక్కలు. ఆ లాటిన్ అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. వాటిని తీసి తెలుగు పెట్టేసరికి పైన గుడులు, కింద ఒత్తులు పొరుగు పంక్తితో జగడానికి దిగుతాయి. ఆంగ్లానికి సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట, దానికి ర చేరాలి. చోటు ఇవ్వకపోతే ఒత్తు తెగిపోతుంది. తెగిన ఒత్తుతో ఉన్న మాట నాకు కుంటుతున్న మనిషిలా కనిపిస్తుంది.

1991నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా చాలాకాలం తెలుగు మాటలను బొమ్మలుగా అతికించడమో, ఒక్కొక్కరు ఒక్కొక్క సొంత ఫాంటును వాడడమో సాగింది. బొమ్మలోని మాటను వెదుకుడు యంత్రం చదవలేదు. తరువాత విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. దేశికాచారి గారి పోతన ఫాంటు వచ్చింది. ఇప్పుడు మండలి, రామభద్ర, మల్లన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. సాధనాలు ఉన్నాయి. పట్టించుకొనే కన్ను కావాలి. మావాడు తెలుగు పుటలన్నీ ముందు నాకు పంపేవాడు. 'హార్ధిక'ను 'హార్దిక' అనీ, 'శతాబ్ధి'ని 'శతాబ్ది' అనీ దిద్ది పంపేవాడిని. నెల తిరిగేసరికి వాడే పట్టుకోసాగాడు. తెనాలిలో మిఠాయి దుకాణం వారు, విత్తనాల వ్యాపారి వాడి దగ్గరకు వచ్చినది ఈ శ్రద్ధ చూచే.

రెండవ జవాబు కష్టం మీద వచ్చింది. 2023 వేసవిలో ఒక ప్రైవేటు విద్యాసంస్థకు అరవై వేలకు వెబ్‌సైటు కట్టాడు. ముప్పై ఐదు వేలు ముట్టాయి. పని బాగున్నదని ఉత్తరం కూడా ఇచ్చారు. మిగిలిన ఇరవై ఐదు వేలకు మాత్రం "వచ్చే వారం" అన్న మాట తప్ప మరొకటి లేదు. ఆ నెల చీటీ వాయిదాకు మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టింది. ఆ సైటు డొమైన్ పేరు మావాడి ఖాతాలోనే నమోదై ఉన్నది. "రెండు రోజులు ఆపెయ్యరా, మూడోనాడు డబ్బు నడిచి వస్తుంది" అని స్నేహితులు బోధించారు. వాడు నా దగ్గరకు వచ్చాడు.

"ఆ పేరు ఎవరిది నాయనా?" అన్నాను.

"వాళ్ళ బడి పేరే మామయ్యా. నా ఖాతాలో ఉంది."

"కూలి ఎగ్గొట్టారని మేస్త్రి ఇంటి తలుపుకు తాళం వేసుకొని పోవచ్చునా?"

"ఇప్పుడు మాత్రం పోవచ్చుననే అనిపిస్తోంది" అని నవ్వాడు. ఆ నవ్వులో బాధ ఉన్నది. కాసేపటికి తానే అన్నాడు. "ఇది ప్రవేశాల కాలం మామయ్యా. ఫీజులు, తేదీలు చూసుకొనే తలిదండ్రులు నాకేమీ బాకీ లేరు."

మరునాడు డొమైన్‌ను వారి పేరిట మార్చి, అందినట్లు రసీదు తీసుకొన్నాడు. అటుపిమ్మట నేను ఉత్తరం వ్రాసి పెట్టాను. దుకాణం తెరిచిన వారంలోనే వాడు ఉద్యమ్ నమోదు చేసుకొని ఉన్నాడు. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. అలా నమోదైన చిన్న సంస్థకు, ఒప్పందంలో ఏ గడువు వ్రాసుకొన్నా, 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఉత్తరంలో ఒక్క పరుష వాక్యం లేదు. తేదీలు, సెక్షన్లు మాత్రమే. మూడు వారాలలో పదిహేను వేలు వచ్చాయి. తక్కిన పదివేలు నేటికీ రాలేదు. వాటికోసం ఫిర్యాదు మండలికి వెళ్ళేకన్నా ఆ రోజులలో మరొక పని చేసుకొంటానన్నాడు వాడు.

ఆ తరువాత ఇద్దరం కూర్చొని ఒక పుట ఒప్పందం తయారుచేశాము. మొదటిరోజు నుండే డొమైన్ కొన్నవారి పేరిట ఉండాలి. సొమ్ము మూడు వాయిదాలు, చివరిది అప్పగింతకు ముందు. దిద్దుబాట్లు ఎన్నిసార్లో, ఏడాది పోషణకు ఎంతో విడిగా వ్రాయాలి. హక్కుల మాట కూడా చేర్చాము. 1957నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము 'సాహిత్య కృతి'. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన కావ్యాలూ, మా మేనల్లుడు వ్రాసే సంకేతాలూ చట్టం దృష్టిలో ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటాయన్న మాట. జీతగాడు వ్రాసినదానికి యజమాని హక్కుదారు. స్వతంత్రంగా వ్రాసినవానికి, కాగితం మీద బదలాయిస్తే తప్ప, హక్కు సాధారణంగా వానిదే. బదలాయింపులో కాలం చెప్పకపోతే అయిదేళ్ళుగానే లెక్క. ఈ సంగతి ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలిసి ఉండడం మంచిది.

గడువు పదహారవ నెలలో వాడు తల్లి చేతిలో మొదటిసారి పదిహేను వేలు పెట్టాడు. పదిహేడవ నెలలో తొమ్మిది వేలే ఇవ్వగలిగాడు. పద్ధెనిమిదవ నెలలో మళ్ళీ పదిహేను. దీనిని గెలుపనాలా, ఓటమి అనాలా అని ఇంటిల్లపాదీ తర్జనభర్జన పడ్డారు. మా బావగారు మాత్రం "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నారు. గాజులు విడిపించుకొనడానికి ఆ ఆరు నెలలూ పట్టాయి. నేడు వాడికి ఏటేటా పోషణ సొమ్ము కట్టే ఖాతాదారులు 31 మంది ఉన్నారు. హైదరాబాదులోని సహాధ్యాయుల జీతం వాడి రాబడికన్నా ఎక్కువే. మా చెల్లెలు ఆ లెక్క ఇంకా మరచిపోలేదు, పండుగకు వెళ్ళినప్పుడల్లా నాకు అప్పజెబుతుంది.

ఈ దారి పట్టదలచిన పిల్లలకు నేను చెప్పగలిగినది కొంచెమే. పుట కట్టే నేర్పు రోజురోజుకు చవక అవుతుంది. దానిని నమ్ముకోవద్దు. వచ్చినవాని ఒక్క ముక్కలో దాగిన వంద మాటలను వినే ఓర్పు, కట్టినదానిని పదేళ్ళు కనిపెట్టుకొని ఉండే పూచీ, ఇవి చవక కావు. చేతికింద ఎదుటివాని తాళంచెవి ఉన్నప్పుడు ఎలా నడుచుకొంటారో ఊరు చూస్తూనే ఉంటుంది. మావాడి 31 మందిలో నలుగురు, ఆ బడికి పిల్లలను పంపిన తలిదండ్రులే.

స్వస్తి.