కంప్యూటరుకు పురుగు పడితే...

పురుగంటే మనకు కొత్త కాదు. వంకాయలో పురుగు, బియ్యంలో పురుగు, పత్తికాయలో పురుగు! పత్తి పురుగుకు మందు కొట్టీ కొట్టీ అప్పులపాలైన రైతు మన నల్లగొండ ప్రాంతంలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాడు. కానీ తిండి తినకుండా, నీళ్లు తాగకుండా, కంటికి కనిపించకుండా పిల్లల్ని పెట్టి ఊళ్లు తిరిగే పురుగు ఒకటి ఉందని చెబితే మా నాయనమ్మ నమ్మేది కాదు. "అది పురుగెట్లయితది బిడ్డా, దయ్యమైతది" అని ఉండేది. నిజానికి అది దయ్యమూ కాదు, జీవమూ కాదు. ఎక్కడో ఒక మనిషి కూర్చుని రాసిన రాత. అంతే.

విద్యార్థి మిత్రులు చాలామంది వైరస్, వార్మ్ రెండూ ఒకటే అనుకుంటారు. రెండూ దొంగలే గానీ నడక వేరు. వైరస్ మామిడిచెట్టు మీద బదనిక లాంటిది. వేరొక ప్రోగ్రామును అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ప్రోగ్రామును మనం నడిపినప్పుడే దానికి ప్రాణం వస్తుంది. వార్మ్ అలా కాదు. దానికి ఆధారం అక్కరలేదు. ఒక యంత్రంలో పడగానే తన నకలు తానే తీసుకుని, తీగ వెంబడి పక్క యంత్రం తలుపు తట్టడం మొదలుపెడుతుంది. మీరు ఏమీ నొక్కక్కరలేదు. మీరు ఇంట్లో నిద్రపోతున్నా దాని పని అది చేసుకుపోతుంది.

ఈ పురుగుకు పేరు పెట్టినవాడు శాస్త్రవేత్త కాడు, నవలాకారుడు! 1975లో జాన్ బ్రన్నర్ అనే ఆంగ్ల రచయిత తన నవలలో ఇటువంటి ప్రోగ్రామును ఊహించి దాన్ని 'టేప్‌వార్మ్' అన్నాడు. బద్దెపురుగు అన్నమాట. ఆ ఊహ నిజం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ఒక్క రాత్రిలో వేలాది యంత్రాలను కదలకుండా చేసింది. అతను కూడా మీలాగే చదువుకుంటున్న కుర్రవాడు! కోర్టు అతనికి జైలు వేయలేదు గానీ జరిమానా, 400 గంటల సమాజసేవ శిక్షగా విధించింది. తెలివి ఉండటం ఒక ఎత్తు, దాన్ని ఎక్కడ వదలాలో తెలియడం మరొక ఎత్తు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. 2009 ప్రాంతంలో నేను భువనగిరిలో ఒక కళాశాల కంప్యూటరు ల్యాబు చూసుకునేవాణ్ణి. ఇరవై యంత్రాలు, అన్నింటిలోనూ విండోస్ ఎక్స్‌పి. ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్ అంటే విద్యార్థికి మెడలో తాయెత్తు. పొద్దున హైదరాబాదులో అన్నగారి ఆఫీసు కంప్యూటరులో, మధ్యాహ్నం మా ల్యాబులో, సాయంత్రం బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో, రాత్రి స్నేహితుడి ఇంట్లో - ఒక్కరోజులో అది నాలుగు నోళ్లలో పెట్టిన ఒకే చెంచా. ప్యాసింజరు రైల్లో మనుషులతోపాటు పురుగులూ టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసేవి.

అప్పుడు ప్రపంచాన్ని పట్టి పీడిస్తున్న పురుగు పేరు కాన్ఫికర్. 2008 నవంబరులో బయటపడింది. అది లోపలికి రావడానికి మూడు దారులుండేవి. మొదటిది, విండోస్‌లో ఉన్న ఒక లోపం. మన ఖిల్లా చూడండి, ఒకే బండ మీద కట్టినది, కింద నుంచి చూస్తేనే తల తిరుగుతుంది. కానీ అంత కోటలోనూ ఎక్కడో దిడ్డి తలుపు గడియ వేయడం మరిచిపోతే శత్రువుకు నిచ్చెన ఎందుకు? విండోస్‌లోని ఆ లోపం అటువంటి దిడ్డి. రెండవది, పాస్‌వర్డ్. పురుగు తనవెంట మామూలు పాస్‌వర్డుల జాబితా ఒకటి పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూసేది. 'అడ్మిన్', '12345' అని పెట్టుకున్నవారి ఇంటి తాళంచెవి దాని చేతిలోనే ఉన్నట్టు. మూడవది పెన్‌డ్రైవ్. గుచ్చగానే తెర మీద వచ్చే చిన్న పెట్టెలో 'ఫోల్డర్ తెరువుము' అన్న మాట రెండుచోట్ల కనిపించేది. ఒకటి విండోస్ రాసినది, ఒకటి పురుగు రాసినది. రెండింటికీ పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మే. తెలియనివాడు ఏది నొక్కుతాడో చెప్పనక్కరలేదు కదా!

లోపల చేరిన తర్వాత అది చేసే మొదటి పని వైద్యుణ్ణి రానివ్వకపోవడం. విండోస్ అప్‌డేట్‌ను ఆపేస్తుంది. యాంటీవైరస్ కంపెనీల వెబ్‌సైట్లు తెరుచుకోనివ్వదు. అన్ని సైట్లూ వస్తున్నాయి, ఒక్క మైక్రోసాఫ్ట్, యాంటీవైరస్ సైట్లు మాత్రం రావడం లేదంటే అనుమానించవలసిందే. మేము ల్యాబులో రోగాన్ని గుర్తుపట్టింది ఈ లక్షణంతోనే.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ వారు ఆ దిడ్డి తలుపును మూసే మరమ్మతును 2008 అక్టోబరు 23నే విడుదల చేశారు. అంటే పురుగు కంటే మందు ముందు పుట్టింది! అయినా లక్షలాది యంత్రాలు రోగాన పడ్డాయి. మందు లేక కాదు, వేసుకోక. మన పట్టణంలో కొందరికి ఇంటర్నెట్ నత్తనడక, కొందరికి అప్‌డేట్ చేస్తే దొంగ విండోస్ బయటపడుతుందేమోనన్న భయం, మిగిలినవారికి "ఇప్పుడు నడుస్తనే ఉంది గద, ఎందుకు కెలుకుడు?" అన్న ధీమా.

బస్టాండు దగ్గరి షాపతను ఒకరోజు మా ల్యాబుకు వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. "సార్, పొద్దున ఒక్కొక్కటి తుడుస్త. మాపటికి మళ్ల మొదలే. ఇదేం రోగం సార్?" అన్నాడు. అతని కష్టంలోనే జవాబు ఉంది. అతను తుడిచిన యంత్రాన్ని తుడవని యంత్రాల పక్కనే, అదే తీగకు తగిలించి ఉంచుతున్నాడు. ఒక్క పిల్లవాడి తలలో పేలు తీసి, మళ్లీ అందరితో ఒకే చాప మీద పడుకోబెడితే ఏమవుతుంది?

కాబట్టి మేము పట్టిన పద్ధతి ఇది. ముందు అన్ని యంత్రాల నెట్‌వర్కు తీగలు పీకేశాము. రోగం లేని ఒక కంప్యూటరు నుంచి విండోస్ మరమ్మతును, మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే పురుగు తొలగింపు సాధనాన్ని తెచ్చి సిడిలో రాశాము. పెన్‌డ్రైవ్ కాకుండా సిడి ఎందుకంటే, ఒకసారి రాసి ముగించిన సిడిలోకి పురుగు ఎక్కలేదు. తర్వాత ఒక్కొక్క యంత్రానికీ వరుసగా పురుగు తీయడం, దిడ్డి మూసే మరమ్మతు వేయడం, మళ్లీ స్టార్టు చేసి మరోసారి వెతకడం, పాస్‌వర్డ్ మార్చడం, పెన్‌డ్రైవ్ దానంతట అది తెరుచుకునే ఆటోరన్ సదుపాయాన్ని ఆపివేయడం. ఇరవయ్యోది పూర్తయ్యేవరకు ఒక్క తీగ కూడా తగిలించలేదు. రెండు రోజులు పట్టింది.

ఆపైన గుమ్మం దగ్గర పాత యంత్రం ఒకటి పెట్టి అందులో లినక్స్ వేశాము. కాన్ఫికర్ విండోస్ మీద బతికే పురుగు, లినక్స్‌లో దానికి కాలు ఆనదు. ప్రతి పెన్‌డ్రైవ్ ముందు అక్కడ పరీక్షకు పోవలసిందే. మా అటెండరు దానికి చెక్‌పోస్టు అని పేరు పెట్టి, లెక్చరర్లను కూడా వదలకుండా "సార్, మీది గూడ సూపెట్టుండ్రి" అని నిలబెట్టేవాడు. మా ల్యాబును కాపాడింది సగం సాఫ్ట్‌వేరైతే సగం ఆయన మొహమాటం లేకపోవడమే.

తర్వాత మరో రకం వచ్చింది. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ మాయం, వాటి పేర్లతోనే చిన్న బాణం గుర్తున్న షార్ట్‌కట్లు ప్రత్యక్షం. వలిగొండ వైపు నుంచి వచ్చే ఒక చివరి సంవత్సరం విద్యార్థి పెన్‌డ్రైవ్‌కు ఇదే జరిగింది. చేనేత కుటుంబంవాడు. చిటికీ, ఆసు, మగ్గం మీద నెలల తరబడి కూర్చుని రాసుకున్న ప్రాజెక్టు అందులో ఉంది. ఎవరో షాపులో "మొత్తం ఖతమైంది, ఫార్మాట్ కొట్టుడే" అన్నారట. కొట్టించాడు. ఖాళీ అయింది కదా అని మిత్రులు సినిమాలు కూడా ఎక్కించారు. నా దగ్గరికి వచ్చేసరికి తీయడానికి ఏమీ మిగలలేదు. వాళ్ల నాయన నోటి లెక్కలు మళ్లీ చెబుతుంటే తొమ్మిది రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాడు.

ఆ పురుగు అతని ఫైళ్లను ముట్టనే లేదు! వాటిని దాచిపెట్టిందంతే. ఆ తర్వాతి వారం అదే రోగంతో వచ్చిన ఒక అమ్మాయి ఫైళ్లు అయిదు నిమిషాల్లో బయటికి వచ్చాయి. నల్లతెర కమాండు విండోలో 'ఆట్రిబ్' అనే ఆజ్ఞతో దాపరికం గుర్తులు తీసేసి, బాణం షార్ట్‌కట్లను చెరిపి, పురుగు ఫైలును తీసివేస్తే సరిపోయింది. ఇద్దరికీ పట్టింది ఒకే పురుగు. ఒకరిని ముంచింది పురుగు కాదు, భయం.

ఈ సందర్భంలో నాకు నారికురుపు గుర్తుకొస్తుంది. మీ ఇళ్లల్లో తాతలను అడగండి. దిగుడుబావిలో దిగి నీళ్లు తాగే కాలంలో మనిషి కాలిలోంచి మూరల పొడవు పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున ఓపికగా లాగేవారు. తొందరపడి లాగితే తెగి, కాలు వాచి మంచాన పడేవారు. దానికి టీకా లేదు, చంపే మందూ లేదు. అయినా మన దేశంలో 1996 జులై తర్వాత ఒక్కరికీ రాలేదు; 2000 ఫిబ్రవరిలో భారతదేశం ఆ జబ్బు నుంచి విముక్తి పొందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఎట్లా పోయింది? నీళ్లు గుడ్డతో వడపోసుకున్నారు. కురుపున్నవాడు బావిలో దిగలేదు. దిగుడుబావుల స్థానంలో బోరింగులు వచ్చాయి. ఒక్కడు చేస్తే పోయే రోగం కాదది, ఊరంతా చేస్తే పోయింది. మా చెక్‌పోస్టు ఆ వడపోత గుడ్డ లాంటిదే.

కాలం మారింది. 2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లో కూడా పెన్‌డ్రైవ్ ఆటోరన్‌ను ఆపివేసింది. పురుగులు మాత్రం మారలేదు, ముదిరాయి. 2017 మే 12న వచ్చిన వానాక్రై ఫైళ్లను దాచలేదు, తాళం వేసి 300 డాలర్లు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. దానికీ మందు రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చి ఉంది! తొమ్మిదేళ్ల తర్వాత కూడా అదే కథ. దాని ముందు 'ఆట్రిబ్' పనిచేయదు. ముందుగా వేరేచోట దాచుకున్న ప్రతి ఒక్కటే గతి.

మిత్రులారా, మీలో కంప్యూటరు శాస్త్రం చదివేవారు కొందరే. కానీ ఫోను లేనివారెవరు? అప్‌డేట్ రాగానే "తర్వాత" అనే గుండీ నొక్కకండి. ముఖ్యమైన రాతను రెండుమూడు చోట్ల దాచుకోండి, అందులో ఒకటి తీగకు తగిలించకుండా ఉంచండి. అనుమానం వస్తే ముందు నెట్ తీసేసి, తెలిసినవారిని అడిగి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. మీ యంత్రానికి పురుగు పడితే సిగ్గుపడి దాచుకోవద్దు, పక్కవాడికి చెప్పండి. దిడ్డి మీ ఇంటిదే కావచ్చు, లోపలికి వచ్చినవాడు దోచేది ఊరంతటినీ.