నీలికిరణాల పోటీ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గంపై ఉన్న పట్టణాలు. ఒకప్పుడు ఆ మార్గం మీటర్‌గేజి. పట్టాల నడిమి ఎడం 1000 మిల్లీమీటర్లు. నేటి బ్రాడ్‌గేజి ఎడం 1676 మిల్లీమీటర్లు. పెట్టె ఎంత దృఢమైనదైనా, పట్టా మారితే నిరుపయోగమే.

చలనచిత్రాల డిస్కులకూ ఇదే గతి పట్టింది. 2006లో హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే అనే రెండు పద్ధతులు విపణిలో ప్రవేశించాయి. రెండూ 405 నానోమీటర్ల లేజరు కిరణంతో చదివేవే. వీడియో సీడీ దృశ్యంలో అడ్డంగా 352, నిలువుగా 288 బిందువులుండగా, వీటిలో 1920, 1080 బిందువులుండేవి. ఒక్కొక్క పొరలో మొదటిది 15, రెండవది 25 గిగాబైట్లు దాచగలిగేది. అయినను సామాన్య ప్రేక్షకుని కంటికి భేదం స్వల్పమే.

కనుక విజయాన్ని నిర్ణయించినది కన్ను కాదు, చిత్రసంస్థల మద్దతు. సోనీ, డిస్నీ, ఫాక్స్ సంస్థలు బ్లూ-రే పక్షం వహించాయి. యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీని ఆదరించింది. ఉభయ పక్షాలకూ చిత్రాలిస్తున్న వార్నర్ సంస్థ 2008 జనవరి 4న ఇకపై బ్లూ-రే ఒక్కటే చాలునని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని విరమించుకొంది. దానిని నమ్మి కొన్నవారి యంత్రాలు చెడిపోలేదు. వాటికి కొత్త చిత్రాలు రావడం ఆగిపోయింది.

హిందూపురం చేరువనున్న లేపాక్షి చిత్రాలను చూడటానికి కన్ను చాలు. ధర్మవరం పట్టుచీర మడత విప్పడానికి చేయి చాలు. ఆ చీర కట్టిన నాటి పెండ్లి దృశ్యాలు డిస్కులో ఉంటే మాత్రం వాటిని చదివే యంత్రం కావాలి. ఆ యంత్రం కనుమరుగు కాకముందే జ్ఞాపకాలను కొత్త పద్ధతిలోకి మార్చుకొనడం వివేకం.