సలేశ్వరం లోయకు సంచి సర్దడం

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్న సలేశ్వరం లోయలోకి భక్తులను ఏడాదికొకసారి, చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే వదులుతారు. రాంపూర్ పెంట దాకా బండ్లు పోతాయి. ఆపైన కాలినడకే. రాళ్ల దారిలో దిగితే నిటారు కొండల నడుమ జలపాతం, గుండం, గుహలో లింగమయ్య. పూజ చేసేదీ, దారి తెలిసినదీ చెంచులే. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి వంటి ఊళ్ల వారికి ఇది దూరప్రయాణం, కొత్త నేల. వీళ్ల సంచిలో వైద్యుడు ముందు చూసేది, దిగడానికే సర్దుకున్నారా, ఎక్కి రావడానికి కూడా సర్దుకున్నారా అని. దిగేది పొద్దుటి చల్లదనంలో. ఎక్కేది ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండలో.

ఆ ఎండలో కొండెక్కే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు చెమట పోగలదు. అయినా బరువని జనం అన్నిటికన్నా తక్కువ తెచ్చుకునేది నీళ్లే. మనిషికి మూడు లీటర్లయినా ఉండాలి. అడవిలో ప్లాస్టిక్ పారేయరాదు కనుక స్టీలు సీసా మేలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసెడు నీళ్లలో చిక్కగా కలిపి తాగితే మేలుకు బదులు కీడే. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిబట్టతో తుడుస్తూ విసరాలి, ఆసుపత్రికి చేర్చాలి.

అచ్చం వడదెబ్బలాగే కనిపించి మోసం చేసేది ఇంకొకటుంది. రోజంతా మగ్గం గుంటలో కూర్చుని నేసే నడివయసు మనిషి, షుగర్ రోగి. దర్శనమయ్యే దాకా ఉపవాసం. పొద్దుటి మాత్ర మాత్రం వేసుకుంటాడు. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర తిండి లేకపోయినా రక్తంలో చక్కెరను దించుతూనే ఉంటుంది. సగం దారిలో చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. తోటివారు ఎండ దెబ్బే అనుకొని మొహాన నీళ్లు చల్లుతారు. అతనికి కావలసింది మూడు నాలుగు చెంచాల చక్కెర. మింగగలిగే స్థితిలో ఉండగా పెడితే చాలామంది పావుగంటలో తేరుకుంటారు. స్పృహ తప్పాక నోట్లో ఏమీ పోయకూడదు. అందుకే చక్కెర పొట్లం సంచి అడుగున కాదు, చొక్కా జేబులో ఉండాలి. షుగరున్న వారు ఉపవాసం మాట ముందే డాక్టరుకు చెప్పి, మాత్ర మార్పించుకోవాలి.

కాళ్లకు హవాయి చెప్పులు పనికిరావు. పట్టున్న, ఇదివరకే తొడిగి అలవాటైన బూట్లు కావాలి, కొత్తవైతే బొబ్బలెక్కుతాయి. మడమ బెణికితే కట్టడానికి క్రేప్ బ్యాండేజ్. సంచి వీపుకే ఉండాలి, రాళ్లు పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రోజూ వేసుకునే బీపీ, గుండె మాత్రలతో పాటు మందుల చీటీ పెట్టుకోవాలి. టార్చి మరువరాదు.

పాము కాటుకు సంచిలో మందు ఉండదు. విరుగుడు సూది ఆసుపత్రిలోనే వేయాలి. కోయడం, గట్టిగా కట్టడం మాని, కాలు కదలకుండా కర్రకు తువ్వాలుతో చుట్టి మోసుకొని పైకి తేవాలి. లోయలో ఫోను పలకదు కాబట్టి ఒకరు ముందుగా పైకి పోయి 108కి చెప్పాలి.

నాలుగడుగులకే ఆయాసపడే గుండెజబ్బు వారికి, నెలలు నిండిన గర్భిణులకు ఏ సంచీ చాలదు. ఇంటి దగ్గరే లింగమయ్యకు మొక్కుకొమ్మని వాళ్లకు ఇంటివారే నచ్చజెప్పాలి.