ఇంకొక గంట

దూరదేశములలో బిడ్డలున్న కుటుంబములు నేడు మన యాంధ్రదేశమున ప్రతి వీథియందును గలవు. ఆ గృహములలో మనవారు తిథివార నక్షత్రములతో బాటు మఱియొక పంచాంగమునుగూడ నేర్చికొనుచున్నారు. అక్కడ రాత్రి యెనిమిదియైనచో నిక్కడ ప్రొద్దున నెంతయగునో తల్లులు వ్రేళ్లపై లెక్కింపగలరు. ఏ విమానమెచ్చట దిగునో, ఏ యూరిలో మఱియొకటి యెక్కవలయునో వారికి కంఠస్థము. కాని విమాన మాలస్యమని వార్త వచ్చినచో మాత్రము ఆ తెలివి యంతయు నొక్కసారిగా చల్లారిపోవును. "వారు గంట యన్నారు; గంటకు బయలుదేఱును" అని కూర్చుందురు. ఆ గంట గడచినపిదప మఱియొక గంట. మేమును చిరకాల మట్లే కూర్చున్నవారమే. ఒక శీతకాలమున మా యింట జరిగిన సంగతి మా కా యలవాటును మాన్పినది.

మా యన్నగారు రాజమహేంద్రవరమున నొక మంగళవారము రాత్రి పదిగంటలకు గతించిరి. కుమారుడు చికాగోలో నుద్యోగి. కుమార్తె యీ యూరిలోనే యుపాధ్యాయిని. రెండేండ్లుగా తండ్రిగారికి వేళకు మందులిచ్చినదియు, రాత్రులు మేలుకొన్నదియు నామెయే. మంగళవారము రాత్రి పదియన్నచో చికాగోలో నదే దినము పగలు పదిన్నర. అబ్బాయి గంటలోపల టిక్కెట్టు కొనెను. అక్కడ రాత్రి యెనిమిదిన్నరకు బయలుదేఱు విమానము. మనకది బుధవారము ఉదయ మెనిమిది గంటలు. పదుమూడు గంటల ప్రయాణము తరువాత పశ్చిమాసియాలోని యొక నగరము. అచ్చట రెండు గంటలు వేచి, మూడున్నర గంటలలో శంషాబాదు. అచ్చటనుండి కారులో నెనిమిది గంటలు. గురువారము పగలు పదునొకండు గంటలకు ఇల్లు చేరవలయును. మధ్యాహ్నము దహనమని పెద్దలు నిశ్చయించిరి. ఫ్రీజరు పెట్టె తెప్పించి యన్నగారిని అందులో నుంచిరి.

తెల్లవాఱుజామున నాలుగు గంటలకు అబ్బాయి విమానాశ్రయమునుండి ఫోను చేసెను. "బాబాయిగారూ, గంట యాలస్యమని చెప్పుచున్నారు." మేమా మాటను ఉన్నదున్నట్లు వసారాలో కూర్చున్నవారికి జెప్పితిమి. గంటయే గదా యని యందఱు నూరకుండిరి. అయిదు గంటలకు మఱల ఫోను: ఇంకొక ముప్పావుగంట. ఆఱు కావచ్చుచుండగా మూడవ ఫోను: ఇంకొక గంటంబావు. అనగా చికాగోలో రాత్రి పదునొకండున్నరకు, మనకు పగలు పదునొకండు గంటలకు బయలుదేఱును. మేము మూడు మాఱులును తపాలా బంట్రోతువలె వార్త నందుకొని యందించితిమే గాని, అది నిజమగునా కాదా యని యొక్క నిమిషమైన నాలోచింపలేదు. ఆలోచించుటకు మాకేమి యాధారము గలదని యప్పుడు తోచినది. ఆధారము మా జేబులోనే యున్నది.

ఎదురింటి యింజనీరింగు విద్యార్థి కాఫీ తెచ్చి యిచ్చుచు ఈ మాటలు విని, "తాతగారూ, వారెక్కవలసిన విమానమిప్పు డెక్కడ నున్నది?" అని యడిగెను. మేము తెల్లబోయితిమి. చికాగోలోనే యుండునని యెవ్వరును జెప్పకయే మేము నమ్మియుంటిమి. అతడిట్లు విడమఱచి చెప్పెను: ఆ సంస్థకు ఆ నగరమునుండి చికాగోకు దినమున కొక్కటే విమానము. సాయంకాలము వచ్చినదే రాత్రి తిరిగి పోవలయును. రానిది పోజాలదు. మన రైల్వేస్టేషనులలో నెదురుబండి రాలేదు గనుక ఈ బండి యాలస్యమని చెప్పుట మనము వినియేయున్నాము గదా! ఆ యుపమానము చెప్పినంతనే మా బుద్ధికి వెలుగు వచ్చినది. ఫోనులో దేశపటము తెఱచి చూపెను. విమానపు బొమ్మ యొకటి ఐస్లాండు దాటి గ్రీన్లాండువైపు మెల్లగా ప్రాకుచున్నది. అది తన యూరినుండియే ఆఱు గంటలు ఆలస్యముగా బయలుదేఱినది. చికాగో చేరుట కింక నైదు గంటలు పట్టును. అప్పుడు మన గడియారమున ఆఱు. అనగా వారు బయలుదేఱునని చెప్పిన పదునొకండు గంటలకు ఆ విమానము నేలపై దిగుచుండును!

ఈ పటము వెనుక గారడీ యేదియు లేదు. ఆకసమున బోవు పెద్ద విమానము తానెక్కడ నున్నదో యుపగ్రహముల సాయమున గుర్తించుకొని, ఆ సంగతిని తన యెత్తుతోను వేగముతోను గూర్చి, సెకనునకు రెండు మాఱుల చొప్పున 1090 మెగాహెర్ట్జుల రేడియోపై చాటుచుండును. ఆ చాటింపు రహస్యభాషలో లేదు. చిన్న యాంటెనా గలవాడెవ్వడైనను వినవచ్చును. 2006 లో స్వీడనుదేశమున నిద్దఱు విమానప్రియులు వేడుకకై యిట్టి యాంటెనాలను అచ్చటచ్చట బెట్టనారంభించిరి. 2009 లో నితరులును తమ యాంటెనాలు విన్న వార్తలను పంపవచ్చునని తలుపులు తెఱచిరి. అదియే ఫ్లైట్‌రాడార్24 అను పేర పెరిగినది. నడిసముద్రమున నింటికప్పులు లేవు గనుక అక్కడ విమానపు బొమ్మ కొంతదూర మూహపై నడచును. లేదా ఉపగ్రహమే చెవియొగ్గి వినును. ఎఱుగని గృహస్థు లనేకులు తమ మేడలపై బెట్టిన తీగముక్కలవలన నొక యెఱుగని కుటుంబమునకు దుఃఖసమయమున నిజము తెలిసినది. ఎవ్వరికి కృతజ్ఞత చెప్పవలయునో మాకు తెలియదు.

ఇక రెండవ లెక్క. విమానము నేల దిగినంతనే తిరిగి యెగురునని తలచుట, పెండ్లిలో మొదటి బంతి లేచినంతనే రెండవ బంతికి అన్నము వడ్డింతుమనుట వంటిది. వంటవాడు లోపల గారెలు వేయుచుండవచ్చును. పెరటిలో నీళ్లు తోడుచుండవచ్చును. కాని యెంగిలి విస్తళ్లు తీయనిదే, నేల తుడువనిదే ఎవ్వరిని కూర్చుండబెట్టగలము? విమానమునకు నదే క్రమము. మూడువందల యేబదిమంది చిన్నపిల్లలతోను సంచులతోను దిగుటకే యరగంట. వారు దిగినపిదపనే లోపల నూడ్చువారు ప్రవేశింతురు. పాత భోజనపు బండ్లు దింపి క్రొత్తవి యెక్కింతురు. మరుగుదొడ్ల తొట్లు ఖాళీచేసి మంచినీరు నింపుదురు. క్రిందనుండి పెట్టెలు దింపి వేఱు పెట్టెలు ఎక్కింతురు. బోయింగు 777-300ఈఆర్ అను జాతి విమానపు తొట్లలో లక్షా యెనుబదివేల లీటర్లకు మించి యింధనము పట్టును. పదుమూడు గంటల ప్రయాణమునకు దాదాపు నూఱు టన్నులు కావలయును. ఇంజనీరు చుట్టును తిరిగి చూచి సంతకము పెట్టవలయును. ఆ పిమ్మట మూడువందల యేబదిమంది మఱల నెక్కుటకు ముప్పావుగంట. వీనిలో కొన్ని యొకేసారి జరుగును. కొన్ని యొకదాని తరువాత నొకటిగాని జరుగవు. ఆలస్యమంతయు నీ రెండవ తెగలోనే దాగియుండును. ఎయిర్‌బస్ వారు తమ రెండంతస్తుల ఏ380 ని గంటన్నరలో తిప్పి పంపవచ్చునని లెక్క వ్రాసిరి. కాగితముపై వండిన వంటకు పొయ్యి యక్కఱలేదు. మేము రెండుగంటలని వేసికొంటిమి.

పదునొకండునకు రెండు చేర్చిన పగలు ఒంటిగంట. ఎంత త్వరపడినను అంతకు ముందు బయలుదేఱదు. అటనుండి పదుమూడు గంటలు. రాత్రి పదునొకండు గంటలకు బోవు శంషాబాదు విమానము తప్పిపోయినట్లే. తరువాతది గురువారము ప్రొద్దుననే. ఇల్లు చేరునప్పటికి గురువారము రాత్రి యగును, దహనము శుక్రవారము. ఈ లెక్కను ఉత్తరపు కవరు వెనుక వ్రాసికొని వసారాలోనికి వచ్చి చెప్పితిమి. విమానపువారికంటె నీకెక్కువ తెలియునా యన్నట్లు పెద్దలు మమ్ము చూచిరి. ఆ చూపు న్యాయమే. రెండు గడియలకు ముందు మేమును నట్లే చూచియుందుము.

వదినగారు పెట్టె ప్రక్క కూర్చుండి యంతవఱకు నోరు విప్పలేదు. "శుక్రవారమునకైన తప్పక వచ్చునా?" అని మాత్ర మడిగిరి. తప్పక యను మాట మేము పలుకలేకపోతిమి. మా కుటుంబమున పెద్దవారొకరు, "కొడుకుండగా కూతురు నిప్పు పెట్టుటయా? ఎన్నాళ్లయిన నుంచుడు" అనిరి. అంతవఱకు అమ్మాయి పేరెవ్వరు నెత్తలేదు. ఆయన కాదనుటకై యెత్తిరి! పురోహితుడు మాత్రము, "ఇంటివారందఱొప్పుకొన్నచో నేను చేయించెదను" అనెను. వదినగారు, "అబ్బాయిని అడుగుడు" అనిరి. అడిగితిమి. కొంతసేపు మాట లేదు. పిదప, "బాబాయిగారూ, నాన్నగారిని ఆ పెట్టెలో మూడు రాత్రులుంచవద్దు. చెల్లిచేత కానిండు" అనెను.

ఇక్కడ మేము సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. 1881 లో వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిన యూరిది. ఆ మాట మేము సభలలో నెన్నిసారులు చెప్పుకొనలేదు! అట్టి యూరిలో, రెండేండ్లు తండ్రిని గనిపెట్టుకొని యున్న బిడ్డచేతికి కొఱవి నందించుటకు మాకు గ్రీన్లాండుమీద నొక విమానము చిక్కుపడవలసి వచ్చినది. అది సకాలమునకు వచ్చియుండినచో ఆమెకు ఆ హక్కు కలదని మేమైనను దలచియుందుమా? తలచియుండము.

విమానసంస్థవారిపై మాకు కోపము వచ్చినమాట నిజమే. తరువాత చల్లబడి యాలోచించితిమి. వారి పక్షమునగూడ నొక మాట కలదు. యంత్రదోషము అనుకొన్నదానికంటె త్వరగా కుదురవచ్చును; వేఱొక విమానము దొరకవచ్చును; అయిదుగంటలని చెప్పి పంపివేసిన ప్రయాణికులను మఱల గుమిగూర్చుట కష్టము. బదులు విమానమునైనను వారు తమ స్వస్థానమున నుంచుకొందురుగాని, చికాగోవంటి దూరపుటూళ్లలో నుంచరు. అంత సొమ్ము నెండకు పడవేయలేరు. ఇదంతయు విమానమింకను బయలుదేఱకమున్ను చెల్లును. అది సముద్రముపై నెగురుచుండగా ఏ సాకును చెల్లదు. మఱియొకటి చూడుడు. తిరుగు ప్రయాణపు పైలట్లు హోటలులో విశ్రాంతి గైకొనుచుందురు. వారి పనిగంటలు విమానాశ్రయమున హాజరైన క్షణమునుండి లెక్కకు వచ్చును. పెందలకడ పిలిచినచో నడిదారిలో చట్టపుమితి దాటిపోవును. కావున వారికి నిజమైన గంటయే చెప్పవలయును. ఇంధనము పోయువానికి, భోజనపు బండివానికి నంతే. ఒక్క ప్రయాణికునికి మాత్రము చెప్పకపోయినను పని జరిగిపోవును, కనుక చెప్పరు. విమానశాఖవారి పట్టికలలో ఆలస్యమున కొక్కొక్క కారణమున కొక్కొక్క యంకె గలదు. రావలసిన విమానము రాకపోవుటకు 93. అంకె యేర్పఱచుకొనునంతగా నెఱిగిన కారణమును పలకపై వ్రాయుట కేమి యడ్డము?

అమెరికా ప్రభుత్వమువారు 1987 నుండి తమ దేశపు పెద్ద సంస్థలచేత నాలస్యముల లెక్కలు వ్రాయించి ప్రకటించుచున్నారు. పదునైదు నిమిషములలోపు తప్పును క్షమింతురు. కాని యా లెక్కలు దేశములోపలి ప్రయాణములకే. ఐరోపావారు 2004 లో చేసిన చట్టమున దూరప్రయాణమునకు ఆఱువందల యూరోల పరిహార మేర్పఱచిరి. విమానము రద్దయినవారికి చెప్పిన ఆ పరిహారము మూడుగంటలు ఆలస్యముగా చేరినవారికిని చెల్లునని 2009 లో వారి న్యాయస్థానము తీర్పు చెప్పెను. మా యబ్బాయి ప్రయాణమున కీ రెండును వర్తింపవు. వర్తించినను ఆఱువందల యూరోలతో నేమి చేయుదుము? మాకు కావలసినది నాలుగు గంటలకే నిజమైన గంట.

దహనము బుధవారము పగలు మూడుగంటలకు గోదావరి గట్టున జరిగినది. అమ్మాయి కుండ భుజమున నెత్తుకొని మూడుమాఱులు తిరిగినది. చేయి వణకలేదు. మేము పెద్దవారికి తెలియకుండ ఫోను తీసి చూచితిమి. విమానము చికాగో వదలి గంటా యిరువది నిమిషములైనది, కెనడాదేశముపై నున్నది. అది నేలపై నున్నది రెండుగంటల ముప్పదియైదు నిమిషములు. మా లెక్క నలుబది నిమిషములు తప్పినది; వారు మొదట చెప్పిన గంట నాలుగు గంటల నలుబది నిమిషములు తప్పినది.

గురువారము రాత్రి యెనిమిదిన్నరకు అబ్బాయి వచ్చెను. చెల్లెలే గేటు తీసినది. ఇద్దఱును చాలసేపు గుమ్మమునొద్దనే నిలుచుండిరి. తండ్రిగారి మంచము పడమటి గదిలో నట్లే యున్నది. దానిపై కూర్చుండి మజ్జిగ పుచ్చుకొనెను. చికాగో సంగతి యడిగితిమి. మేము చెప్పినది విని, తన ప్రక్కన గూర్చున్నవారికి విమానమెక్కడ నున్నదో చూపెనట. మొదట నమ్మలేదట. పిదప నొకరి ఫోను నొకరు చూచుకొని, చంటిబిడ్డతో నున్న యొక తల్లి దుప్పటి పఱచి బిడ్డను పండుకొనబెట్టినదట. తక్కినవారును చెప్పులు విప్పి సంచులు తలక్రింద బెట్టుకొనిరట. పలకపై మాత్రము ఇంకొక గంట యనియే యుండెనట.

మఱునాడుదయమున అస్థిసంచయనమునకు అన్నాచెల్లెండ్రు కలిసి పోయిరి.