సైకిలూ, దాని తాళమూ

కిందటేడు జూన్లో ఇల్లు మారాను. ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళలో ఇది నాలుగో ఇల్లు. ఏ ఇంట్లో దిగినా పాత అద్దెవాళ్ళు ఏదో ఒకటి వదిలి వెళ్ళి ఉంటారు కదా. మొదటింట్లో నాకో దేవుడి క్యాలెండరూ, సగం వాడిన ఫినాయిలు సీసా దొరికాయి. రెండో ఇంట్లో బెడ్‌రూము సీలింగు నిండా రేడియం నక్షత్రాలు. మూడో ఇంట్లో బొద్దింకలు (వాళ్ళు వాటిని వదిలి వెళ్ళారో, అవే వాళ్ళని వెళ్ళగొట్టాయో ఇప్పటికీ తెలీదు). ఈసారి కొండాపూర్లో మాత్రం జాక్‌పాట్ కొట్టింది. సైకిలు!

అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక ఓనరు సెల్లార్లో నా పార్కింగ్ చూపించడానికి తీసుకెళ్ళాడు. అగ్రిమెంటు మామూలే, పదకొండు నెలలకి. ఏడాది దాటిన లీజైతే 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి, ఆ ఖర్చూ తిరుగుడూ పడలేక దేశమంతా పదకొండు నెలల దగ్గరే ఆగిపోయింది. అలా మనందరి కాపురాలూ పదకొండు నెలల ప్రాజెక్టులైపోయాయి. ఒకటి అవుతుంది, ఇంకోటి మొదలవుతుంది, మధ్యలో KT ఉండదు.. క్షమించాలి, కేటీ ఉండదు. పాతవాడికీ కొత్తవాడికీ ముఖపరిచయం కూడా ఉండదు.

నా పార్కింగ్‌లో పిల్లరుకి కట్టేసి ఉంది ఆ సైకిలు. ఇరవయ్యొక్క గేర్లది. రెండు టైర్లూ నేలకి అంటుకుపోయి, చైను తుప్పుపట్టి, సీటు మీద దుమ్ములో ఎవరో చిన్నపిల్లలు వేలితో పువ్వు బొమ్మ గీసి.. చూడ్డానికి జాలిగా ఉంది.

"ఇదెవరిదండీ?" అన్నా.

"నీ ముందు ఉన్నతనిది. మార్చిలో ఖాళీ చేసి కెనడా వెళ్ళిపోయాడు. కావాలంటే వాడుకో, లేకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చెయ్" అన్నాడు ఓనరు. అద్దెలో ఒక్క వంద తగ్గించని మనిషి ఇంత ఉదారంగా సైకిలు ఇచ్చేసరికి నేను మురిసిపోయాను. ఇచ్చినవాడిది ఆ సైకిలేనా అన్న ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు.

అది లాక్‌డౌన్ సైకిలని చూడగానే తెలిసిపోయింది. మీకూ గుర్తుండే ఉంటుంది, 2020లో జిమ్ములు మూసేశాక ఒక్కసారిగా మనవాళ్ళందరికీ సైకిలు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. షాపుల్లో స్టాకు లేదు, వెయిటింగ్ లిస్టులు. అదే 2020లో, జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే, అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. మా నాన్న తొక్కిందీ, నేను దాని మీద దొంగతొక్కుడు నేర్చుకుని మోచిప్పలు పగలగొట్టుకున్నదీ అట్లాసే. నాన్నల సైకిలు ఆగిపోయిన ఏడాదే కొడుకులు సైకిళ్ళు కొన్నారన్నమాట. ఆ తర్వాత ఆఫీసులు తెరిచారు, ఆ సైకిళ్ళన్నీ సెల్లార్లలో పిల్లర్లకి కట్టుబడిపోయాయి.

సరే, అసలు విషయానికొద్దాం. సైకిలుకి నాలుగంకెల నంబర్ లాకు ఉంది. 0000, 1234, 1111 కొట్టి చూశా. ఇంజనీరు బుద్ధి కదా, మొత్తం పదివేల కాంబినేషన్లు, ఒక్కోదానికి రెండు సెకన్లు, అంటే ఐదున్నర గంటల పైనే అని లెక్కేసి, పక్క బిల్డింగులో ప్లంబర్ని అడిగి హాక్సా బ్లేడు పట్టుకొచ్చాను. ఇరవై నిమిషాలు కోశా. లోపల స్టీలు తీగలు పేలికలు పేలికలుగా ఊడొస్తున్నాయి గానీ ఓ పట్టాన తెగవు. మా వాచ్‌మన్ వచ్చి ఏమీ అనకుండా ఓ చేత్తో కేబులు బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను లైటు కొట్టాడు. తెగాక "థాంక్సన్నా" అంటే తలూపి వెళ్ళిపోయాడు. ఈ సీన్ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనుంది.

కొండాపూర్లో బైకు పంక్చర్లు వేసే షాపులు అడుగుకొకటి ఉన్నాయి గానీ సైకిలు అనేసరికి అందరూ అడ్డంగా తలూపారు. చివరికి హఫీజ్‌పేట వైపు ఓ ముసలాయన దొరికాడు. ఆయన సైకిలుని డాక్టరు పేషెంటుని చూసినట్టు చూసి, "ఓరాయిలింగ్ చెయ్యాలె" అన్నాడు. (ఓవర్‌హాలింగ్‌కి ఆ పేరు వింటే ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్ళోనూ అదే మాట.) రెండు టైర్లు, రెండు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, గేరు కేబుళ్ళు, వెనక రిమ్ము బెండు తీయడం, అంతా కలిపి 3,400 అయింది. కొత్త ట్యూబులకి కారు టైర్లకి ఉండే రకం వాల్వే ఉంటుంది కాబట్టి పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చని ఆయనే చెప్పాడు. మన చిన్నప్పటి రబ్బరు వాల్‌ట్యూబు గొడవ లేదిప్పుడు.

ఇక చూస్కోండి, నా వైభోగం! శనాదివారాలు పొద్దున్నే నానక్‌రామ్‌గూడ దాకా తొక్కుకుంటూ పోయి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఎక్కేవాణ్ణి. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు దాన్ని. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొత్తం 23 కిలోమీటర్లు. నెత్తిన సోలార్ పలకల నీడ, కింద మెత్తటి ట్రాకు. చిక్కల్లా అక్కడిదాకా చేరడమే. గచ్చిబౌలిలో బస్సులకీ, క్యాబులకీ మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోవాలి. అందుకే కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని వచ్చి, అక్కడ దింపి తొక్కి, మళ్ళీ కారెక్కించి తీసుకుపోయేవాళ్ళు కనిపిస్తారు. నేను మాత్రం ఇంటి దగ్గర్నుంచే తొక్కుతున్నానని లోపల్లోపల పొగరుగా ఉండేది. అదీ ఫ్రీగా వచ్చిన సైకిలు మీద!

జనవరిలో సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ గొప్పంతా అమ్మకి చెప్పాను.

"ఎవరిదిరా అది?"

"ముందున్నాయన వదిలేసి వెళ్ళాడు. ఓనరు ఇచ్చాడు."

"ఓనరుదా అది, ఆయన ఇవ్వడానికి?"

"కాదు గానీ.."

"మరి ఆ అబ్బాయిని అడిగావా?"

అరిసెలు తింటున్నవాణ్ణి ఆగిపోయా. ఏడు నెలల్లో నాకు ఒక్కసారి కూడా తట్టని ప్రశ్న అది.

నాకో జబ్బుంది, అనుమానం వస్తే పూర్తిగా తవ్వేదాకా నిద్ర పట్టదు. ఆ రాత్రే చదివాను. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను ప్రకారం, దొరికిన వస్తువుని తన దగ్గర పెట్టుకున్నవాడు దాన్ని, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. యజమాని ఎవరో తెలిసి గానీ, కొంచెం ప్రయత్నిస్తే తెలిసే వీలుండి గానీ, ఆ ప్రయత్నం చెయ్యకుండా సొంతానికి వాడేసుకుంటే నేరం కిందకి వస్తుంది. ఇంతకుముందు అది ఐపీసీ 403, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 314. రోడ్డు మీద దొరికిన రూపాయి ఎవరిదో తెలీక జేబులో వేసుకుంటే తప్పు లేదట. నాది రూపాయి కాదు, యజమాని ఫలానా అని తెలిసిన సైకిలు. పైపెచ్చు తాళం కోసి మరీ తీసుకున్నా!

ఆయన్ని పట్టుకోవడానికి పెద్ద ప్రయత్నమేం అక్కర్లేకపోయింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నాడు. (ఖాళీ చేసినవాళ్ళు ఆ గ్రూపుల్లోంచి ఎందుకు పోరో, నీళ్ళ ట్యాంకరు కబుర్లు కెనడాలో కూర్చుని ఎందుకు చదువుతారో నాకు అర్థం కాదు.) జరిగింది చెప్పి, సైకిలుకి ఎంతివ్వమంటారని మెసేజ్ పెట్టాను. పొద్దున్న లేచేసరికి జవాబు.

"అదేంటి బ్రదర్, ఆ సైకిల్ వాచ్‌మన్ వాళ్ళ పాపకి ఇచ్చేశా కదా. లాక్ నంబర్ కూడా ఆయనకే చెప్పా. తీసుకోలేదా?"

ఆ రెండో వాక్యం దగ్గర నా గుండె జారిపోయింది. లాక్ నంబరు ఆయనకి తెలుసు. నేను ఇరవై నిమిషాలు చెమటలు కక్కుతూ కోస్తుంటే, కేబులు పట్టుకుని, లైటు కొట్టిన మనిషికి ఆ నాలుగంకెలూ తెలుసు.

హైదరాబాదు రాగానే బ్యాగు కూడా పైన పెట్టకుండా సెల్లార్లో ఆయన గది దగ్గరికి వెళ్ళా. పాలమూరు వైపు నుంచి వచ్చి పదేళ్ళుగా ఈ బిల్డింగులోనే ఉంటున్నాడు.

"అన్నా, ఆ తాళం నంబరు మీకు తెలుసా?"

కాసేపు నా మొహం చూశాడు. "ఎరికే సార్. ఆ సారు పొయ్యేటప్పుడు చెప్పిండు."

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే, నీకెట్ల ఎరుక అంటరు గద సార్."

నా దగ్గర సమాధానం లేదు. నిజమే, ఆ రోజు ఆయన గబగబా నంబరు తిప్పి తాళం తీసి ఉంటే నేను మొదట అనే మాట అదే.

మెల్లగా మిగతాది చెప్పాడు. ఏప్రిల్లో వాళ్ళ అమ్మాయి ఒకరోజు సైకిలు తీసి సెల్లార్లో రెండు రౌండ్లు వేసిందట. దుమ్ములో పువ్వు గీసింది కూడా ఆ పిల్లే. ఓనరు చూసి, ఎవర్నడిగి తీశారని అరిచాడు.

"ఆ సారు నాకిచ్చిండు అన్న. ఇచ్చినట్టు ఏమున్నది నీ తాన అన్నడు. ఏం జూపియ్యాలె సార్? మల్ల తాళమేసి పెట్టిన. గంతే."

జూన్లో ఆ పిల్లకి తొమ్మిదో తరగతికి బడి మారింది. మూడు కిలోమీటర్లు. అదే జూన్లో నేను దిగాను. నేను ట్రాక్ మీద చల్లగా తొక్కుకుంటున్న ఏడు నెలలూ ఆ పిల్ల పొద్దున నడిచి, సాయంత్రం డబ్బులుంటే షేరాటోలో వచ్చింది.

ఆ రాత్రంతా నన్ను తినేసింది ఒకటే. ఇచ్చినట్టు నా దగ్గర మాత్రం ఏముంది? నాకూ నోటిమాటే. అదీ అసలు యజమానిది కూడా కాదు. అసలు యజమాని నోటితో ఇచ్చింది ఆయనకి. అయినా తాళం పెట్టుకున్న ఆయన్ని అడిగారు, తాళం కోసిన నన్ను ఎవరూ అడగలేదు. హాక్సా బ్లేడుతో నేను దొరికితే ఇంటి మనిషి, తాళం నంబరుతో ఆయన దొరికితే దొంగ. మనం ఆఫీసులో ప్రతిదానికీ "మెయిల్లో పెట్టు" అంటాం. మెయిల్లో లేకపోతే జరగనట్టే. మరి మెయిలు లేనివాడికీ, గ్రూపులో లేనివాడికీ చెప్పిన మాట ఎక్కడుంటుంది? అన్నట్టు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాచ్‌మన్ లేడు. ఆయన గురించిన ఫిర్యాదులు మాత్రం ఉంటాయి.

మర్నాడు గ్రూపులో రాశాను. ఫలానా సైకిలు పాత ఆయన మార్చిలోనే వాచ్‌మన్ వాళ్ళ అమ్మాయికి ఇచ్చారనీ, తెలియక నేను వాడుకున్నాననీ, ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాననీ. కెనడా నుంచి వెంటనే "అవును, ఇచ్చాను" అని వచ్చింది. ఓనరు ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. అంతే, రెండు నిమిషాల పని!

సైకిలు ఇవ్వబోతే మాత్రం ఆయన తీసుకోలేదు. రిపేరుకి నేను పెట్టిన డబ్బులు ఇస్తానన్నాడు. ఏడు నెలలు వాడుకున్నాను కాబట్టి నేనే అద్దె ఇవ్వాలని వాదించా. వినలేదు. చివరికి ఐదువందలకి దిగాడు. నాకు చిరాకొచ్చి, ఈ ఐదువందలు నాకెందుకన్నా అంటే, అప్పుడు చెప్పాడు.

"మీకు గాదు సార్, నాకే. ఫోన్‌పే కొడత. ఇగ ఎవలడిగినా కొనుక్కున్న అని జూపిస్త."

తీసుకున్నాను. అమ్మాయితో నోట్ కూడా టైపు చేయించాడు. నా ఫోన్‌పే హిస్టరీలో ఇప్పటికీ ఉంది, ఐదువందలు, పక్కన "సైకిల్" అని. జీతం పడిన మెసేజీలు చూసినా ఇంత గట్టిగా తగల్లేదు ఎప్పుడూ.

సీటు కాస్త కిందకి దించి ఇచ్చాను. నేను మళ్ళీ శనాదివారాలు ఎనిమిదింటిదాకా పడుకుంటున్నా. త్వరలో ఒకటి కొనాలి, బిల్లుతో సహా.

మీ సెల్లార్లో కూడా పిల్లరుకి కట్టేసిన సైకిలు ఒకటి ఉండే ఉంటుంది. కావాలనిపిస్తే అడగండి, తప్పులేదు. కానీ ఓనర్ని ఒక్కణ్ణే అడిగి ఊరుకోకండి.