అక్కడా రేగడే

మూడు నెలలుగా పోస్టులు లేవేంటని కొందరు ఫోన్లు చేశారు. మిరపకాయ కోతలైపోయి, టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి తోలేశాక, మే నెలలో నేనూ మా ఇంటావిడా అమెరికాలో మావాడి దగ్గరికి పోయొచ్చాం. పత్తి విత్తడం, గుంటక తోలడం అంతా మా తమ్ముడే చూసుకున్నాడు. అమెరికా పోయొచ్చినోళ్ళు నయాగరా ఫోటోలు పెడతారు. నేను చూసింది మాత్రం ఒక కారు షెడ్డు కట్టడం. నవ్వబాకండి, చదివితే మనకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

మావాడుండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన. వాడికి చిన్నప్పటి నుంచీ బండ్ల పిచ్చి. ట్రాక్టరు మెకానిక్ మా ఇంటికొస్తే ఆరోజు బడి ఎగ్గొట్టేవాడు. ఇప్పుడు అక్కడ పాత కార్వెట్ ఒకటి కొన్నాడు. షెవర్లే కంపెనీది, 2002 మోడల్. స్పోర్ట్స్ కారంటే అదంట. 350 హార్స్ పవర్. మన ట్రాక్టర్లు 45, 50 దగ్గరే కదా ఆగేది! ఏడు ట్రాక్టర్ల బలం పెట్టుకుని అందులో కూర్చునేది ఇద్దరు. వాళ్ళింట్లో ఉండేది ముగ్గురు. నేలకీ కారుకీ మధ్య జానెడు సందు కూడా లేదు, మన ఊరి డొంక ఎక్కితే అక్కడే కూర్చుంటుంది. హెడ్ లైట్లు పగలు మూసుకునుంటాయి, స్విచ్ వేస్తే పైకి లేస్తాయి. నాకు నచ్చింది ఇంకొకటి. బాడీ ఇనప రేకు కాదు, ఫైబర్. 1953లో మొదటి కార్వెట్ చేసినప్పటి నుంచీ అంతేనంట. కింద పడుకుని చూస్తే కమాన్ పట్టీ కనిపించింది! లారీకి ఉన్నట్టు పొడుగ్గా కాదు, ఇటు చక్రం నుంచి అటు చక్రానికి అడ్డంగా, ఒక్కటే పట్టీ, అదీ ఫైబర్‌దే. ఎడ్లబండి కాలం నాటి ఆలోచన, కొత్త సరుకుతో చేశారు.

ఇంటికి గ్యారేజీ ముందే ఉంది. మరి ఇంకోటి ఎందుకంటే, గొడవంతా తాలింపు దగ్గర మొదలైంది.

అక్కడి ఇళ్ళల్లో వంటగది హాల్లో కలిసిపోయి ఉంటుంది, గోడ ఉండదు. పొయ్యి మీద చిమ్నీ ఉంటుంది గానీ చాలా ఇళ్ళలో అది పొగని బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. ఎండుమిరపకాయ వేయిస్తే పైన పొగ గంట మోగుద్ది. అందుకని మనోళ్ళు చాలామంది గ్యారేజీలో ఒక గ్యాసు పొయ్యి పెట్టుకుని చేపల వేపుడు, గారెలు అక్కడే కానిస్తారు. మా కోడలూ అంతే. ఇప్పుడా గ్యారేజీలోకి కార్వెట్ వచ్చి కూర్చుంది. కారుకి చేపల వాసన పడుతుందని వాడు, కారు కోసం నా వంట ఆపాలా అని ఆ పిల్ల. ముందు వంటగది బాగుచేయించాలని ఆమె, ముందు షెడ్డని వాడు. మేం దిగేసరికి ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడుకుంటున్నారు.

నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు గానీ ఒక సంగతి చెప్పా. పెట్రోలు బండి ఉన్న గదిలో పొయ్యి వెలిగించడం వాసన గొడవ కాదు, ప్రాణం గొడవ. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పాకుద్ది. అందుకే అక్కడ గ్యారేజీలో వేడినీళ్ళ గ్యాసు బాయిలరు పెడితే మంట నేలకి 18 అంగుళాల ఎత్తున ఉండాలని రూలే ఉంది. మావాడింట్లో బాయిలరు కింద దిమ్మె కట్టారు. మనం ఏం చేస్తాం? పవర్ స్ప్రేయరూ, పెట్రోలు డబ్బా, పక్కన కట్టెల పొయ్యి, అన్నీ ఒకే వసారాలో. ఇది చదివినోళ్ళు ఇవ్వాళే ఆ డబ్బా మార్చండి.

చివరికి కుదిరిన రాజీ ఏంటంటే, పెరట్లో కారుకి విడిగా షెడ్డు, దాని వెనక ఆరడుగుల వసారా దించి, మధ్యలో నిండు గోడ పెట్టి, పొయ్యీ సింకూ అందులో. వసారా మాట మా ఇంటావిడది. ఆ ప్లానులో మన ఊరి ఇల్లు కనపడింది నాకు.

వాడికి కారు పైకెత్తే లిఫ్టు కావాలి. రెండు ఇనప స్తంభాలు, వాటికి చేతులు, స్విచ్ నొక్కితే దాదాపు 1500 కిలోల కారు మనిషి ఎత్తుకి పైకి లేస్తుంది. పాత గ్యారేజీలోనే పెట్టొచ్చుగా అన్నా. గచ్చు మీద ఒక మూల ముద్రేసిన అక్షరాలు చూపించాడు, కొయ్యొద్దు, బెజ్జం వెయ్యొద్దు అని. ఆ ఇళ్ళకి గచ్చు లోపల ఇనప కేబుళ్ళు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక టన్నుల కొద్దీ బిగువుతో లాగి కడతారంట. డ్రిల్లు పెట్టి కేబులు తెంపితే గచ్చుకీ మనిషికీ ప్రమాదమే. లిఫ్టు స్తంభాలకేమో గచ్చులోకి బోల్టులు దించాలి. అందుకని కొత్త గచ్చు తప్పదు.

అసలు ఇంటి గచ్చుని అంత బిగువుతో ఎందుకు కడతారని అడిగా. "నాన్నా, నేల చూడు" అన్నాడు.

చూశా. మేం దిగినప్పుడు వానలు. పెరట్లోకి దిగితే చెప్పుకి రెండేసి కిలోల మట్టి, నల్లగా, బంకగా. చేతిలోకి తీసుకుని నలిపా. అన్నా, మన చేలో మట్టే! మన నల్లరేగడే! డాలస్, వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా బారుగా ఈ నల్లనేల పట్టీ ఉంది. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు అదంతా పత్తి చేలే. ఇప్పుడు కొంత సేద్యం మిగిలింది, ఊళ్ళ చుట్టూ ఇళ్ళు లేచాయి. మన నల్లరేగడిని ఇంగ్లీషు భూగోళం పుస్తకాల్లో రెగర్ అని రాస్తారు చూడండి, ఆ మాట మన రేగడి నుంచి పోయిందే.

జులై వచ్చేసరికి రోహిణి కార్తె ఎండలు. నేల నెర్రెలిచ్చింది. నా చెయ్యి మణికట్టు దాకా దిగింది ఒక నెర్రెలో. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే కుంచించుకుపోద్ది, పైనున్న ఇల్లు దాంతోపాటు లేచి దిగుద్ది. మనూళ్ళో మూలల దగ్గర గోడలు పగలని ఇల్లు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ వాళ్ళు ఏం చేస్తారో చెప్తే నమ్మరు. ఎండాకాలం ఇంటికి నీళ్ళు పెడతారు! పునాది చుట్టూ అడుగు, అడుగున్నర దూరంలో బెజ్జాల పైపు పరిచి, నేల గోడ నుంచి విడిపోకుండా రోజూ కాసేపు తడుపుతారు. మన డ్రిప్పే. పత్తికి కాదు, ఇంటికి. సాయంత్రం ఆ వాల్వు తిప్పే డ్యూటీ నేను తీసుకున్నా, చేతులకి ఏదో ఒక పని ఉండాలిగా.

షెడ్డుకి మున్సిపాలిటీ అనుమతి, ఆ పైన కాలనీ సంఘం అనుమతి. ఇంటి రంగే వెయ్యాలి, ఇంటి పైకప్పు లాంటిదే వెయ్యాలి, పక్కోళ్ళ కంచెకి ఇంత దూరం వదలాలి. ఆ తతంగం చెప్తే పోస్టు చాలదు. కొలతలు 24 అడుగులకి 24, గోడలు 12 అడుగులు, లిఫ్టుకి ఆ ఎత్తు కావాలి. గచ్చు ఆరంగుళాలు, అంచుల వెంబడి లోతుగా బీములు.

కాంట్రాక్టరు మనుషులు జులైలో వచ్చి నేల చదును చేసి, ఇనుము కట్టి, మర్నాడు కాంక్రీటు లారీలు వస్తాయన్నారు. సాయంత్రం నేను పోయి చూస్తే నేల పొడిగా, నెర్రెలు నెర్రెలుగా ఉంది. నాకు మనసొప్పలా. ఎండిపోయిన రేగడి మీద మూత పెడితే, రేపు వానాకాలం అది తాగి ఉబ్బితే ఎటు పోవాలి? పైకే కదా! మావాడితో అంటే ఇంజనీరు కాగితాలు తీశాడు. అందులో రాసే ఉంది, పోసే ముందు ఇంత లోతు దాకా తడిపి దిమ్మిస చెయ్యాలని. వాళ్ళకి తొందర, ఆ పని వదిలేశారు. వాడు ఫోన్ చేశాడు. లారీలు వాపసు పంపితే డబ్బులు పోతాయని వాళ్ళు, కాగితంలో ఉంది చెయ్యాల్సిందేనని వీడు. అరగంట ఇంగ్లీషులో కొట్లాట. మావాడు అంత గట్టిగా మాట్లాడటం నేను మొదటిసారి చూశా. పని వారం వెనక్కి పోయింది. ఆ వారమంతా పొద్దునా సాయంత్రం తడి పెట్టడం నా పనే. ఎంత తడి చాలు అంటే, ఉండ చేస్తే నిలవాలి, చేతికి బంక అంటుకోకూడదు. విత్తనానికి చూసుకునే పదునే.

పోసిన రోజు తెల్లారుజామున అయిదింటికే లారీలొచ్చాయి, ఎండెక్కితే కాంక్రీటు తొందరగా బిగిసిపోద్దని. అంతా నున్నగా తాపీ పట్టాక, ఒక మూల మా మనవరాలి అరచెయ్యి అద్దించాడు. అక్కడ అదొక అలవాటంట. పచ్చి సిమెంటు చర్మాన్ని తినేస్తుందని నేను ఆ పిల్లని పంపు దగ్గరికి లాక్కెళ్ళి చేతులు కడిగించా. వెనక్కొస్తే, "నువ్వూ పెట్టు నాన్నా" అన్నాడు. పెట్టాను. వాడు ఆ నేలలో పునాది వేసుకుంటున్నాడని నాకు ఆ గచ్చు చూశాకే ఖాయంగా అర్థమైంది. ఇల్లు కొన్నప్పుడు కూడా అమ్మొచ్చుగా అనుకునేవాణ్ణి. పాత కారుకి లిఫ్టు కట్టుకునేవాడు ఇక ఎక్కడికీ పోడు.

గోడలూ కప్పూ లేచి, లిఫ్టు బోల్టులు దించేదాకా ఉన్నాం. మొదటిసారి కారు పైకెత్తినప్పుడు నేను కిందికి పోలేదు. తాళం పంజాలు పడ్డ చప్పుడు రెండు వైపులా వినపడ్డాకే పోయా. ఇద్దరం కలిసి ఆయిలు మార్చాం. వాడు అడగటం, నేను పానా అందించడం. 10 నంబరు, 13 నంబరు, అన్నీ మన పానాలే. ఇరవై ఏళ్ళ కిందట నేను ట్రాక్టరు కింద పడుకుంటే వాడు అందించేవాడు.

అప్పుడన్నాడు, పైకి చూస్తూనే, నా మొహం చూడకుండా. "నాన్నా, ట్రాక్టరు అమ్మేసి పొలం కౌలుకిచ్చెయ్యకూడదా? మోకాళ్ళు చూడు ఎట్లా ఉన్నాయో. ఏడాదికి ఆరు నెలలు ఇక్కడుండొచ్చు."

నేనన్నా, "ఆఫీసుకి పోను నీకు ఇంకో కారుందిగా. మరి ఇదెందుకు?"

కాసేపు పలకలేదు. "సరేలే," అని నవ్వి, "మరి ట్రాక్టరు వానలో ఎందుకు పెడతావ్? దానికీ ఒక షెడ్డు వేయించు, డబ్బులు నేను పంపుతా" అన్నాడు. డబ్బులు వద్దన్నా. షెడ్డు వేస్తానన్నా. షెడ్డు వేస్తున్నానంటే ఇంకొన్నేళ్ళు చేస్తాననే కదా లెక్క. మోకాళ్ళ సంగతి వాడు చెప్పింది అబద్ధం కాదు. ఆ మాటకి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

ఇప్పుడు మన షెడ్డు. 20 అడుగులకి 15, రోటావేటరు తగిలించి ఉండగానే లోపలికి పట్టాలి. ఊళ్ళో అందరూ గచ్చు పొయ్యమంటున్నారు. పొయ్యను. మన రేగడిలో గట్టి పునాది అంటే రూర్కీ సి.బి.ఆర్.ఐ. వాళ్ళు చెప్పిన పైళ్ళు ఉన్నాయి. పది పన్నెండడుగుల లోతు దించి, అడుగున గుమ్మడికాయలాగా ఉబ్బెత్తుగా తవ్వి పోస్తారు. మేడకైతే ఆ ఖర్చు పెట్టాలి, రేకుల షెడ్డుకి అక్కర్లేదు. నల్లమట్టి తీసేసి గ్రావెలు నింపి, దిమ్మిస కొట్టి, పైన మన పల్నాడు నాపరాళ్ళు పరుస్తా, సందుల్లో సిమెంటు లేకుండా. నేల కదిలి రాయి లేస్తే పీకి మళ్ళీ పరుచుకోవచ్చు. స్తంభాలు ఇనప పైపులు, బోల్టు బిగింపు. రేకుల మీద వాన నీళ్ళు స్తంభాల మొదట్లో పడకుండా గట్టరు పెట్టి దూరంగా కాలవలోకి వదలాలి. సగం పగుళ్ళకి కారణం ఈ చూరు నీళ్ళే.

వేపచెట్టు ఒకటి అడ్డం వస్తోంది. చెట్టు ఎంత ఎత్తు ఉంటే పునాది అంత దూరం ఉండాలని ఆ ఇంజనీరు అన్నాడు, వేర్లు రేగడిలో తేమ లాగేసి నేలని కుంగదీస్తాయంట. చెట్టు మా నాన్న నాటింది, కొట్టను. షెడ్డే తూర్పుకి జరుపుతున్నా.

ఇక ఇంటావిడ. "కోడలికి వసారా ఇప్పించావు, మరి నాకు?" అంది. నిజమే. రాత్రిపూట ఇద్దరం మోకాళ్ళు పట్టుకుని పెరటి చివర దాకా నడుస్తున్నాం. పడగ్గదికి ఆనించి బాత్రూము, కమోడుతో. అది ముందు, షెడ్డు తర్వాత, మేస్త్రి ఒక్కడే. బేస్తవారం బాత్రూముకి మార్కింగు ఇస్తున్నాడు.

షెడ్డుకి నాలుగంగుళాల పాత జి.ఐ. పైపులు ఎవరి దగ్గరన్నా ఉంటే కింద చెప్పండి. తుప్పు పైపైన ఉన్నా పర్లేదు, లోపలికి తినేసినవి వద్దు. ట్రాలీ నేనే తెచ్చుకుంటా.